అత్తమ్మ కడిగిన డబ్బా

మాది కోరుట్ల. పోయినేడు మొహం ఉబ్బి, నాలుగడుగులు వేయలేకపోయేదాన్ని. కిడ్నీపైన ఉండే గ్రంథి పాడైందేమోనని జగిత్యాల డాక్టరు హార్మోన్ పరీక్ష రాశారు. డబ్బా ఇచ్చి, ఒక రోజు మూత్రమంతా అందులోనే పట్టి తెమ్మన్నారు. ఎవరికీ చెప్పకుండా, సిగ్గు చంపుకొని పట్టి, స్నానాల గది మూలన పెట్టాను.

తెల్లారి చూస్తే డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"ఇయ్యాల సోమారం గద బిడ్డ. ఎములాడ రాజన్న దేవునికి ముడుపు కడుదామని ఇల్లు కడిగిన. గా గలీజంత పారబోసిన," అంది అత్తమ్మ.

"ముడుపెందుకు అత్తమ్మా?"

"నీ పానం మంచిగ కావాలని."

తడి నేల మీదే కూలబడ్డాను. మళ్లీ మొదటినుంచి పట్టే ఓపిక లేదు. ఇక నాకు బాగవదనే అనుకున్నాను.