పొయ్యి కలుపుకున్న జర్మనీ: గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా

మూడు ఊళ్ళకు ఉద్యోగానికి వెళ్ళి మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాక, మార్కాపురం హైస్కూలు నుంచి కార్డు వచ్చింది. హెడ్మాస్టరుగారి ఎదుట పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలట. చెప్పాల్సింది, జర్మన్ ప్రజలు ఒక్క దేశంగా ఎలా అయ్యారన్నది. నేను గిద్దలూరు పక్క పల్లెలో మిషను బడి పంతులుని. మా నాయన ఈ వయసులో కూడా పరుల చేలల్లో కూలికి పోతున్నాడు. ఈ ఉద్యోగం దొరికితే ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాలని నా ఆశ. దొరక్కపోతే ఇక ఏ ఊరూ తిరిగే ఓపిక లేదని ఇంట్లో ముందే చెప్పేశాను.

గిద్దలూరులో రైలు ఆరున్నరకన్నారు, ఏడుంపావుకు వచ్చింది. మూడో తరగతి టిక్కెట్టు పదణాలు. కంభం దాకా కూర్చోవడానికి చోటు లేదు. కాగితం మీద గీసుకున్న జర్మనీ పటం నలిగిపోకుండా నెత్తిన పట్టుకుని నిలబడ్డాను. పదింటికి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను. పేరు చూసి మోసపోకండి, అక్కడినుంచి ఊరు ఇంకా ఐదారు మైళ్ళుంటుంది. బస్సు అప్పుడే వెళ్ళిపోయిందట. స్టేషన్లో పలకల పెట్టెలు దించి ఖాళీగా తిరిగిపోతున్న ఎద్దుల బండి కనబడితే, నాలుగణాలకు మాట్లాడుకుని ఎక్కాను.

బండి తోలేది అరవై దాటిన రైతు. ఏం పని మీద పోతున్నానని అడిగాడు. జర్మనీ పాఠం చెప్పడానికన్నాను.

"జర్మన్ వెండి గిన్నెలు చేసేటోళ్ళా?"

నవ్వడానికి కూడా ఓపిక లేదు. వాళ్ళేనన్నాను. మాట ఒకటే అయినా వాళ్ళు ముప్పై పైచిలుకు రాజ్యాలుగా ఉండేవారనీ, ఎవరి రాజు వారికే, ఎవరి సుంకం గేటు వారికే అనీ చెప్పాను. ముందు సుంకాలు కలుపుకున్నారు, తర్వాత యుద్ధాలు చేసి దేశాన్నే కలుపుకున్నారు.

"అంటే వేరుపడినోళ్ళు మళ్ళా ఒక పొయ్యి పెట్టుకున్నారన్నమాట. నేనూ మా తమ్ముడూ వేరు పొయ్యిలు పెట్టుకొని పదేండ్లాయ. విడిపోయేది చూసినా గానీ, కలిసేది నేను యాడా చూళ్ళా నాయనా. పెద్దరికం ఎవరు చేసినారు?"

నా బడలిక కాస్త వదిలింది. నాలుగు రోజులుగా 'ఏకీకరణ' అనే మాట పట్టుకుని వేలాడుతున్నాను. పిల్లలకు ఎక్కేది ఈ పొయ్యి మాటే.

"ప్రష్యా అనే తమ్ముడు చేశాడు పెద్దాయనా. ఆస్ట్రియా అనే అన్న ఉంటే తన మాట సాగదని, ఆయన్ను కొట్టి బయట పెట్టి, మిగిలినవాళ్ళతో పొయ్యి కలిపాడు."

ఆయన ఎద్దుల్ని అదిలించడం ఆపి నావైపు తిరిగాడు. "మరి బయట పెట్టిన అన్నకు కూడు యాడ పెట్టినారు?"

"అది పుస్తకంలో లేదు," అన్నాను.

దాహమేసి నీళ్ళడిగాను. ముంత తీస్తూ, "ఎవరోళ్ళ పిల్లోనివి?" అన్నాడు. చెప్పాను. ముంత నా చేతికివ్వకుండా పైనుంచి దోసిట్లో పోశాడు. అలవాటైన సంగతే, తాగాను.

పన్నెండు దాటాక, పంచె నిండా దుమ్ముతో బడి చేరి, వెంటనే పాఠం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో చెబుతుంటే పిల్లలు గోడలు చూస్తున్నారు. ఈ ఉద్యోగమూ పోయిందనుకున్నాను. పటం చుట్టేసి, తెలుగులో పొయ్యి సంగతి ఎత్తుకున్నాను. పిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు. అయిపోయాక హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "పుస్తకం అప్పజెప్పినోళ్ళు చానామంది వచ్చినారు. ఇట్ల చెప్పినోడివి నువ్వే. ఆస్ట్రియాను పొయ్యి కాడినించి లేపినావు చూడు, అది బలే ఉంది. సోమవారం వచ్చి చేరు," అన్నారు. ఇంటికొచ్చి భోంచేసి పొమ్మని కూడా అన్నారు. నాకు కళ్ళనీళ్ళాగలేదు.

ఇల్లు బడి పక్కనే. ఆయనా, ఇంకో ఇద్దరు మాస్టర్లూ లోపలికి వెళ్ళారు. నేనూ చెప్పులు విడిచి గడప దాకా వెళ్ళాను. "నీకు ఇక్కడ గాలి బాగా వస్తుందిలే," అని ఆయన అరుగు చూపించారు. విస్తరి వేశారు. పప్పు, గోంగూర, పెరుగు, దేనికీ లోటు చేయలేదు. లోపల ముగ్గురూ నా పాఠాన్నే మెచ్చుకుంటూ తింటున్నారు. నా విస్తరి నేనే తీసి, కూర్చున్న చోట నీళ్ళు చల్లి తుడిచాను. బండి పెద్దాయన అడిగినదానికి జవాబు నాకు ఆ అరుగు మీద దొరికింది.

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు దొరికినా ఒళ్ళు తేలికపడలేదు. ఉద్యోగం వచ్చిందంటే నాయన సంతోషిస్తాడు. అన్నం ఎక్కడ పెట్టారని మాత్రం అడగడు, ఆయనకు తెలుసు. సోమవారం నుంచి నాకు జీతం ఉంటుంది, నాయనకు కూలి పని తప్పుతుంది, అందుకే చేరతాను. కానీ ఆ పాఠం మళ్ళీ చెప్పేటప్పుడు, బయట పెట్టిన అన్న దగ్గర ఆగి, పెద్దాయన ప్రశ్న పిల్లల్నే అడుగుతాను. ఇక ఈ దారిన వచ్చే మావాళ్ళకు ఒక్క మాట. ముంత మీరే తెచ్చుకోండి. నీళ్ళు ఎక్కడడిగినా పోస్తారు, ముంత మాత్రం చేతికివ్వరు.