అవ్వ నోరు చూసే పని

నా చిన్నప్పుడు ఎడపల్లిలో మా అవ్వ పొద్దస్తమానం బీడీలు చుట్టేది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ మూల తంబాకు. నాలుగు బీడీలు చుట్టిందో లేదో చిటికెడు తంబాకు బుగ్గన పెట్టుకునేది. మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు చాలామంది అంతే. అది తప్పని ఎవరికీ తోచేది కాదు.

ఒక ఏడాది అవ్వ బుగ్గ లోపల తెల్లమచ్చ లేచింది. బోధన్‌లో డాక్టరు చూసి, తంబాకు మానకపోతే అది క్యాన్సర్ కావచ్చన్నాడు. ఇంట్లో అందరూ బతిమాలారు, తిట్టారు. అవ్వ వింటేగా.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఓ రోజు పన్ను సలుపుతోందని, అవ్వ చేసినట్టే చాటలోంచి చిటికెడు తీసి బుగ్గన పెట్టుకున్నాను. తల గిర్రున తిరిగి అక్కడే వాంతి చేసుకున్నాను. అవ్వ చాట పక్కన పెట్టి నా నోరు కడిగింది. తన బుగ్గలోది కూడా ఉమ్మేసి, "తప్పు నాది బిడ్డా. నన్ను సూసే నేర్సుకున్నవు" అంది. పెద్దవాళ్లు చిన్నపిల్ల ముందు తప్పు ఒప్పుకోవడం నేను అప్పటిదాకా చూడలేదు.

మర్నాడు నాకో పని అప్పజెప్పింది. "రోజు బువ్వ తినేముందు నా నోరు నువ్వే సూడాలె. తంబాకు వాసనొస్తే నాకు బువ్వ పెట్టకు" అంది. పెత్తనం దొరికిందని నాకు మహా సంబరం. మూడు రోజులు బడిపిల్లలా నోరు తెరిచింది. నాలుగో రోజు మధ్యాహ్నం మాత్రం ముఖం అటు తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది, అయినా కంచం తీసేశాను. అవ్వ మళ్లీ చాట ముందేసుకుంది. నేనూ అన్నం ముట్టలేదని సాయంత్రం మా అమ్మ చెప్తేగానీ ఆమెకు తెలియలేదు. నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. "ఇగ దాన్ని నోట్ల పెట్ట బిడ్డా" అంది.

పెట్టలేదు. పొద్దంతా ఒడిలోనే తంబాకు ఉండగా నోరు కట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు నాకేం తెలుసు. కొన్ని నెలలకు ఆ మచ్చ పలచబడింది. డాక్టరు మాత్రం అప్పుడప్పుడు వచ్చి చూపించుకోమన్నాడు.

పెళ్లయ్యాక మా ఆయన జర్దా నమిలే సంగతి తెలిసి నేను గొడవపడలేదు. అన్నం వడ్డించి, ముందు నోరు చూపించమన్నాను. చూపించని పూట ఇద్దరం పస్తే. మానమని చెప్పడానికి ఏం పోయింది, ఎవరైనా చెప్తారు. పక్కన ఆకలితో కూర్చునే మనిషి ఉండాలి. ఇప్పుడు ఇద్దరికీ జుట్టు నెరిసింది. కంచం పెట్టగానే ఆయన అడక్కుండానే నోరు తెరుస్తాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తాను.