చెరపనివ్వని వానపాట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఎల్బీనగర్ దవాఖానలో దూదికి అద్దిన స్పిరిట్ వాసన తగిలితే అందరికీ సూది గుర్తొస్తుంది, నాకు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ సందులో మా నాయన క్యాసెట్ల కొట్టు గుర్తొస్తుంది. తీరిక దొరికితే చాలు, ఆయన పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ రీలుకు ఆనే హెడ్డు తుడుస్తూ ఉండేవాడు.

ఏడో తరగతితో నా చదువు ఆగిపోయి ఆ కొట్టే బడి అయింది. ఆషాఢం ముసురులో దూరంగా బోనాల డప్పు మోగుతుంటే, పక్క బండి మీద కాలే మక్కకంకుల పొగ లోపలికి తోసుకొస్తుంటే, అమ్మ కట్టిచ్చిన సర్వపిండి నములుతూ, ఏ పాట ఏ క్యాసెట్‌లో ఏ వైపు ఎన్నోదో చూడకుండా చెప్పేదాన్ని.

అప్పట్లో సైదాబాద్ వాళ్లు నలుగురు 'ఇనుప గొంతు' అని రాక్ బ్యాండు పెట్టారు. మొదటి క్యాసెట్‌కు కోచింగ్ పిల్లలు హాస్టల్ మంచాలు విరిగేలా ఎగిరారు. తర్వాత తెచ్చిన క్యాసెట్ వేరు. అందులో ఒక పాట మొదట్లో చాలాసేపు రేకుల మీద వాన, కారే చోట పెట్టిన గిన్నెల్లో టిక్కుటిక్కుమని చుక్కలు, ఆ చుక్కల తాళానికి మెల్లగా ఒక్కటే గొంతు. సరూర్‌నగర్‌లో మాదీ రేకుల ఇల్లే. వానొస్తే అమ్మ తపేలా, చెంబు, చివరికి పప్పుగిన్నె కూడా నేల మీద పరిచేది. మా ఇంటి చప్పుడు పాటలోకెక్కడం నేను వినడం అదే మొదలు.

కొన్నవాళ్లు ఒక్కొక్కరే వాపసు తెచ్చారు. "ఏంటి అంకుల్, క్యాసెట్ పాడైపోయిందండీ, బరబరా అంటోంది," అంది గుంటూరు నుంచి వచ్చిన కోచింగ్ అమ్మాయి. "గిదేం రాకే అన్నా, మా తాత గురక నయం," అన్నాడు ఆటో యాదగిరి. నాయన పాపం వాన చప్పుడును మిషను జబ్బనుకుని హెడ్డు తుడిచి తుడిచి ఇంకో క్యాసెట్ ఇచ్చేవాడు. అదీ తిరిగొచ్చేది.

అమ్ముడుపోనివి చెరిపేసి వాటి మీద వినాయకుడి పాటలెక్కించడం మా కొట్టు ఆచారం. చవితికి మండపానికో క్యాసెట్ కావాలి కదా. అలా అన్నీ పోయి ఒక్కటే మిగిలింది. బ్యాండు వాళ్లు అప్పటికే విడిపోయారు, అడుగుదామన్నా ఇంకోటి లేదు. క్యాసెట్ వీపున రెండు ప్లాస్టిక్ పలుకులుంటాయి, అవి విరిగితే దాని మీద కొత్త పాట ఎక్కదు. తలపిన్నుతో రెండూ విరిచేశాను.

"ఎవరిర్శిన్రే గివి?"

"నేనే."

నాయన నవ్వి, ఆ బొక్కల మీద జిగురు కాగితం అతికించాడు. అతికిస్తే మళ్లీ ఎక్కుతుంది. "దేవుని పాటలకే అడ్డమొస్తవానే?"

"దేవునికి మస్తు క్యాసెట్లున్నయి నాయనా, గీ పాటకు గిదొక్కటే ఉంది. నువ్వు ఒక్కపారన్న మొత్తం ఇన్నవా? అందరు చెడ్డదన్నరని నువ్వు గూడ అంటున్నవ్."

నాయన క్యాసెట్ పెట్టాడు. వాన మొదలవగానే చెయ్యి అలవాటుగా దూది మీదికి పోయి, అక్కడే ఆగింది. "గిది మిషిను గాదే. గిన్నెలల్ల పడుతుంది." పాట చివరిదాకా విన్నాడు.

"నాకైతే నచ్చలే బిడ్డా," అన్నాడు, అతికించిన కాగితం పీకేస్తూ. "గని నీకు నచ్చింది గద. ఇగ దీన్ని చెరపను."

ఇప్పుడా సందు నిండా ఫోన్ కవర్ల దుకాణాలు. మా రేకుల ఇంటి చోట అపార్ట్‌మెంట్ లేచింది. కిటికీ తీస్తే గానీ వాన పడుతోందో లేదో తెలియదు. నాయన కూడా లేడు. మొన్న నా కూతురు ఆ క్యాసెట్‌ను ఫోన్లోకెక్కించి లోకమంతా వినేలా నెట్‌లో పెట్టింది, కింద జనం రాసినవి చదివి వినిపించింది: మొదటి క్యాసెట్టే అసలు రాక్ అట, ఇది ముసలి పాటలట, చప్పుడు శుభ్రంగా లేదట.

"నువ్వేమన్న రాయమంటవా అమ్మా?"

"రాయి. ఆళ్లు చేసిన వాటిల గిదే గొప్పది. వెయ్యిమంది కాదన్నా గిదేనని రాయి. పేరు గూడ పెట్టు, నాకేం భయం?"

మీ ఇల్లు చల్లగుండాలి. తమకు నచ్చకపోయినా, పిల్లలు గుండెకు హత్తుకున్నదాన్ని చెరపని పెద్దలు మీ గడపలో నూరేళ్లు ఉండాలి.