నాయన చెవిలో ఖాళీ చోటు

నాయనకు చెవుడు ఎప్పుడు మొదలైందో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒక్కరోజులో వచ్చింది కాదు. మాది ఉదయగిరి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయనకు ఆత్మకూరు దగ్గర రాళ్ల క్వారీలో డ్రిల్లింగ్ పని దొరికింది. మందు పేల్చడానికి బండలో బొక్కలు వేసే పని. సోమశిల డ్యాం కడుతున్న రోజులు అవి, రాయికి మంచి గిరాకీ ఉండేది. ఆత్మకూరు చర్చి వీధిలో ఒక గది అద్దెకు తీసుకొని కాపురం మార్చాము.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయన కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. మిషను ఆగినా ఆయన చేతుల వణుకు ఆగేది కాదు. నీళ్ల చెంబును రెండు చేతులా పట్టుకొని తాగేవాడు. స్నానం చేసి వాకిట్లో కూర్చుంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచి పిలిచేది. ఆయన పలికేవాడు కాదు.

"పిలస్తా ఉండాను, వినపడలా? బండరాయి మాదిరి కూచోనుండావే!"

గట్టిగా అరిస్తే తిరిగి చూసేవాడు. అమ్మకు అక్కడే మండేది. అరిస్తే వినపడినవాడికి మామూలుగా పిలిస్తే ఎందుకు వినపడదు? కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "రేపు పోతాలే" అనేవాడు. పక్కింటాయన మాట్లాడితే మాత్రం సరిగ్గానే జవాబిచ్చేవాడు. అమ్మ గొంతు సన్నటిది. "నా మాటంటే లెక్కలేదు. కావాలనే చేస్తాడు" అని ఆమె తేల్చేసింది. క్వారీ మేస్త్రీ కూడా అదే అన్నాడట, పని తప్పించుకోవడానికి చెవిటి వేషం వేస్తున్నాడని.

ఆదివారం చర్చిలో నాయన పాటల పుస్తకం తెరిచి, పక్కాయన వేలు ఏ చరణం మీద ఉందో చూసి పెదవులు కదిపేవాడు. గొంతు ఎత్తేవాడు కాదు. అది చూసి కూడా నేను అమ్మ మాటే నమ్మాను. టెన్త్ పాసయ్యానని పరుగున వచ్చి చెప్పిన రోజు, నా ముఖం చూసి నవ్వి, "ఎప్పుడంట?" అన్నాడు. నేను విసుక్కొని లోపలికి పోయాను. ఆయన కాసేపు అట్లాగే నవ్వు ముఖంతో నిలబడ్డాడు.

ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, ఎనభైల మొదట్లో మద్రాసులోని ఒక వైద్య కళాశాలలో ఉద్యోగంలో చేరాను. నన్ను చెవి ఎముకల గదిలో వేశారు. అక్కడి ప్రొఫెసరు ఏళ్ల తరబడి ఒకటే పని చేస్తున్నారు: మనిషి లోచెవిని కొలవడం. ముందే ఒప్పుకొన్నవాళ్లు చనిపోయాక, చెవి లోపలి ఎముకను తీసి, నెలల తరబడి యాసిడ్లో ఉంచితే సున్నమంతా కరిగి మెత్తబడుతుంది. ఆ తర్వాత జిగురులాంటి ద్రవంలో మళ్లీ నెలలు. అది గట్టిపడ్డాక కోత మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా వందల ముక్కలు కోయాలి. పదింటికి ఒకటి చొప్పున రంగు వేసి గాజు పలక మీద పెట్టాలి. ఒక్క చెవికి ఏడాది పైనే పట్టేది.

లోచెవిలో నత్తగుల్లలాగా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది. ఆ చుట్లు విప్పి సాగదీస్తే చిటికెన వేలంత పొడవు కూడా రాదు. దాని పొడుగునా, కొసన వెంట్రుకల్లాంటివి మొలిచిన కణాలు బారులు తీరి ఉంటాయి. బయటివైపు మూడు వరసలు, లోపలివైపు ఒకటి. శబ్దాన్ని పట్టుకునేది అవే. మైక్రోస్కోపులో కన్ను పెట్టే చోట సన్నటి గీతల స్కేలు అమర్చి ఉండేది. పలక తర్వాత పలక పెట్టి, ఆ కణాలు ఎక్కడ ఉన్నాయో కొలిచి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టడం నా పని. చుక్కలన్నీ కలిపితే చుట్టు తిరిగిన గీత తేలుతుంది.

ఒకరోజు ప్రొఫెసరు నా పక్కన కూర్చొని మొదటి చుట్టు మీద వేలు పెట్టారు. "పెద్ద మోతల్లో పనిచేసేవాళ్లకు ఇక్కడ కణాలు చచ్చిపోతాయమ్మా. సన్నటి శబ్దాలను పట్టే చోటు ఇది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. ఆడవాళ్ల మాట, పిల్లల మాట అసలే అందదు."

ఆ రోజు నేను ఇంకో చుక్క పెట్టలేకపోయాను.

ఆ ఏడాదే నాయనకు దగ్గు ముదిరింది. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మన్నారు. మద్రాసుకు తెచ్చి మా ఆసుపత్రిలోనే చేర్పించాను. ఉదయగిరిలో అవ్వ మంచాన పడితే చూసుకోవడానికి పోయిన అమ్మ రాలేకపోయింది. ఒక పగటిపూట నాయన మంచం మీద కూర్చొని, కాగితం మీద ఆ చుట్టు గీసి, ఒక చోట రబ్బరుతో చెరిపాను. చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు బొంగురు చేసుకొని, ఒక్కో మాటా విడిగా చెప్పాను.

"నాయనా, నీకు ఇక్కడ పోయినట్టుండాది. అందుకే అమ్మ మాట అందేది కాదు."

ఆయన ఆ చెరిపిన చోటు మీద వేలు పెట్టాడు.

"అయితే నేను వేషం వేయలేదు గదా?" అన్నాడు.

లేదని తల ఊపాను.

"నా చెవిలో చూస్తే కనపడతాదా?"

"బతికుండగా చూడలేము నాయనా."

"చచ్చినాక చూడు. చూసి మీ అమ్మకు చెప్పు."

మరుసటి రోజు ప్రొఫెసరు ఒప్పుదల కాగితం తెస్తే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి సంతకం పెట్టాడు. మూడు వారాలకు ఒక మధ్యాహ్నం పోయాడు. ప్రొఫెసరు తానే వచ్చి, నన్ను వరండాలో కూర్చోమని చెప్పి, కుడి చెవి ఎముక తీసి, కుట్లు జుట్టు కింద కనపడకుండా వేశారు. వ్యానులో నాయనను ఉదయగిరికి తీసుకుపోయాము. అమ్మ ఆయన తల నిమురుతూ ఏడుస్తుంటే, కుట్లు తగలకుండా ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. కొండ కింద సమాధుల తోటలో పాతిపెట్టాము. అమ్మకు నేనేమీ చెప్పలేదు.

ఏడాదిన్నరకు ఆ చెవి పలకల మీదికి వచ్చింది. "వేరేవాళ్లకు ఇస్తాలే" అన్నారు ప్రొఫెసరు. "నేనే కొలుస్తాను సార్" అన్నాను.

గొట్టం మొదట్లో కణాలు ఉన్నాయి. ఏడో మిల్లీమీటరు దాటాక బయటి మూడు వరసలూ పోయాయి. ఇంకొంచెం పోతే లోపలిది కూడా లేదు. చదును చేసిన నేలలాగా ఉత్త పొర. ప్రతి పలకకూ కాగితంలో "లేవు" అని రాసుకుంటూ పోయాను. లేవు, లేవు, లేవు. రెండుసార్లు కొలిచాను. దాదాపు ఆరు మిల్లీమీటర్ల పొడుగునా ఏమీ లేదు. ఆపైన మళ్లీ కణాలు కనిపించాయి. పై చుట్లలో అన్నీ చక్కగా వరసలో ఉన్నాయి. మగవాళ్ల బొంగురు మాటలు, గట్టి అరుపులు చేరే చోట్లు అవి.

అమ్మ అప్పటికి మళ్లీ ఆత్మకూరు గదికి వచ్చేసింది. సెలవు పెట్టి పోయాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నాయన చెవి ఎముక తీసి కొలిచిన సంగతి చెప్పాను. చేట పక్కన పెట్టింది.

"ఎవర్నడిగి తీసినారే?"

"నాయనే ఇమ్మన్నాడు. సంతకం పెట్టినాడు."

"ప్రభువొచ్చి కడబూర ఊది చచ్చినోళ్లను లేపినప్పుడు చెవి లేకుండా ఎట్లా లేస్తాడే ఆ మనిషి?"

గ్రాఫు కాగితం ఆమె ముందు పరిచాను. ఎర్ర పెన్సిలుతో గీసిన చుట్టు, మధ్యలో తెగిన చోటు. నాయన ఏమన్నాడో చెప్పాను. అమ్మ కాగితాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది.

"నిజంగానే వినపడలేదా?"

"వినపడలేదమ్మా."

"నేను తిట్టిన తిట్లు కూడానా?"

తిట్లు వినపడి ఉంటాయి. అరిచినవన్నీ వినపడి ఉంటాయి. అన్నం తిను, కాసేపు పడుకో, ఒళ్లు నొప్పులుగా ఉండాయా అని ఆమె మెల్లగా అడిగినవే ఆయనకు చేరలేదు. కొలిచినదాన్ని కాబట్టి నాకు ఆ సంగతి తెలుసు.

"అవీ వినపడలేదు" అన్నాను.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఉన్న నాలుగు రోజులూ ఆమె వీధిలో ఎవరు ఎదురుపడినా ఆపి చెప్పింది. "మా ఆయనకు నిజంగానే వినపడేది కాదంట. మా పాప కొలిచి చూసింది." వాళ్లు "పోయినాయన సంగతి ఇప్పుడెందుకులేమ్మా" అని దారిన పోయేవాళ్లు. మద్రాసు చేరగానే రక్త పరీక్షల గదికి మార్చమని అర్జీ పెట్టుకున్నాను. ప్రొఫెసరు కారణం అడగలేదు. అమ్మ ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. అబద్ధం చెప్పానని ఆమెతో అనలేదు.