గడప దాటిన కంబళి

మదనపల్లె బస్టాండు ఎదురు సందులో, పంక్చర్ల అంగడికీ రెడ్డెప్ప టీ బంకుకీ నడుమ ఇరుక్కుని ఉండేది భానుప్రకాశ్ ట్రావెల్స్. భానుప్రకాశ్‌ది పుంగనూరు. వాళ్ళ నాయనకు అక్కడ చిల్లర అంగడి. బుద్ధిగా కూర్చుని బెల్లం తూచుకోరా అంటే వినకుండా, తొంభై రెండులో మదనపల్లెకు వచ్చి టికెట్ల వ్యాపారం మొదలుపెట్టాడు. మొదట్లో శబరిమల బస్సులు, కాశీ రైళ్ళు. తర్వాత విమానాలు. మనిషి మాత్రం ఏనాడూ విమానం ఎక్కిన పాపాన పోలేదు.

ఢిల్లీకి టికెట్టు తీసివ్వడానికి తెలివి అక్కరలేదని అతని వాదన. ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే. "ఆఖర్న దిగేది యాడ?" అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చేవాడు. చౌడేపల్లె జవాను భార్య లద్దాఖు పోవాలంటే, ముందు ఆ కొండ కింద ఆమెను ఎక్కించుకునే జీపువాడు ఎవడో తేల్చుకుని, ఆ తర్వాతే విమానం సంగతి చూసేవాడు. ముక్తినాథ్ పోయే ముసలి దంపతులకు, ఆ కొండల్లోకి పోయే బుల్లి విమానం పొద్దున పూటే ఎగురుతుందనీ, ఎండెక్కితే గాలి లేచి ఆపేస్తారనీ ముందే చెప్పి, రాత్రి పడుకోవడానికి గది కూడా ఫోనులోనే మాట్లాడిపెట్టాడు. అలా వెనక్కి వచ్చీ వచ్చీ బెంగళూరు చేరాక పెన్ను మూసేసేవాడు. "బెంగళూరు దాకా ఏముందప్పా, అది మన వాకిలే గదా" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో రెడ్డెప్పను అడిగితే తెలుస్తుంది.

మనవాళ్ళతో వచ్చే తంటా మరొకటి ఉంది. వారశూల. మంగళ, బుధవారాలు ఉత్తరం పోకూడదు. గురువారం దక్షిణం కూడదు. విమానం కంపెనీవాడు పంచాంగం చూసి విమానాలు నడుపుతాడా? దానికి పాతకాలం ఉపాయమే పట్టుకున్నాడు భానుప్రకాశ్. మంచి గడియలో మనిషి బదులు మూటను గడప దాటిస్తే ప్రయాణం మొదలైనట్టే. ప్రస్థానం పెట్టడం అంటారు. తర్వాత మనిషి ఏ రోజున కదిలినా దోషం లేదు. ఆ మూట మాత్రం తిరిగి గడప తొక్కకూడదు. తన ఆఫీసు గోడకు ఒక అటక కొట్టించి, మూటలన్నీ అక్కడ పెట్టించేవాడు. ఏది లేకపోతే ప్రయాణం సాగదో అది మూటలో ఉండి తీరాలని ఒక నియమం కూడా పెట్టాడు. దాంతో జనం టికెట్లు, కాగితాలు అందులోనే పెట్టేవాళ్ళు. అవి పోగొట్టుకుంటారన్న భయం అతనికీ తప్పేది.

"వీళ్ళంతా బయల్దేరిపోయినోళ్ళే" అని అటక చూపించేవాడు.

"బయల్దేరినోళ్ళు ఈడే కూసోని టీ తాగుతాండారే" అని ఎగతాళి చేసేవాడు రెడ్డెప్ప.

రెండువేల నాలుగులో, టమేటా లారీలతో ఊరు ఎర్రగా కంపుకొట్టే జూలై నెలలో, గుడుపల్లె నుంచి బీరప్ప వచ్చాడు. గొర్రెలు మేపుకునే మనిషి. భుజాన కంబళి, వెనక భార్య బయ్యమ్మ. ఆ ఇద్దరికీ పిల్లల్లేరు. బీరప్ప తమ్ముడు చరణ్‌ను పసిబిడ్డగా ఉన్నప్పటి నుంచి పెంచింది బయ్యమ్మే. ఆ చరణ్ బోరు లారీ డ్రైవరుగా ఊళ్ళు తిరిగి తిరిగి, చివరికి అరుణాచల్ ప్రదేశ్‌లో చైనా హద్దు దగ్గర ఒక లోయలో రోడ్డు కంట్రాక్టరు దగ్గర కుదిరాడు. అక్కడ కొండ విరిగి బండి మీద పడింది.

"ఆడ చిన్న ఆస్పత్రిలో ఉండాడంటప్పా" అన్నాడు బీరప్ప. "నడుము నుజ్జయిందంట. కదిలిస్తే పానం పోతాదంట. సూడల్లనుకుంటే బిరీన రమ్మని కంట్రాక్టరు మనిసి పోను జేసినాడు. మావోడు నన్నే అడగతాండాడంట."

"ఆఖర్న దిగేది యాడ?" అన్నాడు భానుప్రకాశ్, అలవాటు చొప్పున. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

అయినా ఆ పని మీద కూర్చుంటే అతనికి ఆకలిదప్పులు తెలియవు. లోయకు పోయే రోడ్డు వానలకు తెగిపోయింది. ఉన్నదల్లా హెలికాప్టరు. అదీ అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి గురువారం ఒక్కటి, మళ్ళీ వారానికొకటి, మబ్బు విడిస్తేనే. కాబట్టి బుధవారం రాత్రికి దిబ్రూగఢ్‌లో ఉండాలి. కాబట్టి బుధవారం మధ్యాహ్నం బెంగళూరులో కలకత్తా విమానం ఎక్కాలి. హెలికాప్టరు దిగేచోట కంట్రాక్టరు జీపు నిలబెట్టించాడు. దిబ్రూగఢ్‌లో లాడ్జి చెప్పించాడు. హిందీ రాని బీరప్పను చేయిపట్టుకుని హెలికాప్టరు ఎక్కించడానికి కంట్రాక్టరు మనిషినే ఒప్పించాడు. లోయలోకి పోవడానికి కావలసిన పర్మిటు కలకత్తాలో తెలిసినవాడి చేత రాయించి తెప్పించాడు. బీరప్ప మందలో సగం అమ్మి టికెట్టుకు కట్టాడు.

అంతా కుదిరాక బయ్యమ్మ నోరు విప్పింది. "బుదారం వద్దప్పా. ఉత్తరం దిక్కు బుదారం పోతే, పోయిన పని కాదు."

ఆమె మాట మూర్ఖత్వం అనుకునేవాళ్ళు అనుకోండి. బిడ్డలాంటి వాడి ప్రాణం కొండ చివర వేలాడుతుంటే ఎవరికైనా అన్ని శూలాలూ కనిపిస్తాయి. భానుప్రకాశ్‌కు అలాంటివాళ్ళను సముదాయించడం కొత్తకాదు. సోమవారం మంచి గడియ చూసి మూట తెమ్మన్నాడు.

సోమవారం రెండు బస్సులు మారి మూట తెచ్చారు. అందులో రాగిపిండి, చరణ్‌కని బీరప్ప స్వయంగా నేసిన కొత్త కంబళి. అక్కడ చలి ఎక్కువని నల్లగొర్రెల బొచ్చుతో నేశాడు. భానుప్రకాశ్, బీరప్ప టికెట్టునూ పర్మిటునూ ఆ కంబళి మడతలోనే పెట్టించి మూట అటక ఎక్కించాడు. బయ్యమ్మ మొహం కాస్త తేటపడింది.

"ఇంగ నువ్వు మల్లా మదనపల్లెకు రావద్దన్నా. గుడుపల్లె నుంచి కుప్పం పొయ్యి, ఆడ రైలెక్కి నేరుగా బెంగళూరు వచ్చెయ్. మూట నేను బస్సులో తెచ్చి విమానం కాడ నీ చేతిలో పెడతా" అన్నాడు భానుప్రకాశ్.

"నువ్వు ముందురోజే పోరాదా?" అన్నాడు రెడ్డెప్ప, టీ గ్లాసు ఇస్తూ.

"బెంగళూరు దాకా ఏముందప్పా."

బుధవారం తెల్లవారగానే బస్సెక్కాడు. పుంగనూరు దాటింది. కర్ణాటక హద్దు రాకముందే, ఒక మలుపులో టమేటా లారీ రోడ్డుకడ్డంగా పడి ఉంది. డ్రైవరు బతికాడు. పెట్టెలు పగిలి, రోడ్డంతా టమేటాలు. ముందొక వరుస బండ్లు, వెనకొక వరుస. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు సంచులు తెచ్చుకుని ఏరుకుంటున్నారు. క్రేను ముళబాగిలు నుంచి రావాలన్నారు. భానుప్రకాశ్ మొదట నవ్వాడు కూడా. కాసేపటికి దిగాడు. ఇంకాసేపటికి మూట నెత్తిన పెట్టుకుని, జారుతున్న టమేటాల మీద నడిచి, లారీ అవతలికి పోయాడు. అవతల ఆగి ఉన్న వాళ్ళలో ఒక్కో మోటారుసైకిలువాణ్ణీ బతిమాలాడు. అందరూ ఇటు రావలసినవాళ్ళే కానీ అటు పోయేవాళ్ళు కారు. చివరికి పాల వ్యాను ఒకటి వెనక్కి తిరిగితే అందులో పాలక్యాన్ల నడుమ కూర్చుని ముళబాగిలు చేరాడు. చైనా హద్దులో జీపు నిలబెట్టించినవాడు సొంత తాలూకా దాటలేక ఏడ్చాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అన్నారా?

విమానాశ్రయం చేరేసరికి సాయంత్రం ఎండ పడుతోంది. బీరప్ప గేటు పక్కన, పోలీసు పొమ్మన్నప్పుడల్లా రెండడుగులు జరుగుతూ, నిలబడే ఉన్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు.

"వచ్చినావా అప్పా" అన్నాడు. "యిమానం పొయ్యిందంట."

ఒక్క తిట్టు తిట్టి ఉంటే భానుప్రకాశ్ ప్రాణం కుదుటపడేది. తిట్టలేదు. పైగా మూట అందుకుని, దాన్ని నేలమీద ఆననీకుండా చంకలో పెట్టుకున్నాడు.

మళ్ళీ సీటు దొరికింది శుక్రవారానికి. ఈసారి భానుప్రకాశ్ తానూ టికెట్టు కొనుక్కున్నాడు. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి, కిటికీ పక్క సీటులో కూర్చుని, దిగేదాకా తన చెప్పుల వైపే చూశాడు.

దిబ్రూగఢ్‌లో వాన. హెలికాప్టరు కౌంటరులో ఉన్నవాడిని భానుప్రకాశ్ తనకొచ్చిన హిందీలో అడిగాడు. నిన్న గురువారం ఆకాశం బాగా తెరిపిచ్చిందని, హెలికాప్టరు పోయి వచ్చిందని, ఒక సీటు ఖాళీగానే పోయిందని చెప్పాడతను. వచ్చే గురువారం చూద్దామన్నాడు. నడుమ తెరిపిస్తే అదనంగా ఒకటి పంపినా పంపుతామన్నాడు.

"ఏమంటాండాడప్పా?" అన్నాడు బీరప్ప.

భానుప్రకాశ్ బయటి వాన వైపు చెయ్యి చూపించాడు. "వాన అంటాండాడన్నా. మొన్నటి నుంచి ఏదీ ఎగరలేదంట."

బీరప్ప అతని మొహం వైపు కాసేపు చూసి, సరేనని తలూపాడు.

రోజూ పొద్దున ఆటోలో హెలికాప్టర్ల మైదానానికి పోయేవాళ్ళు. రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చునేవాళ్ళు. బీరప్ప ఒళ్ళో మూట. తడి గడ్డిలో నిలబడ్డ ఆ యంత్రాన్ని చూస్తూ ఆయన చరణ్ కబుర్లు చెప్పేవాడు. చిన్నప్పుడు గొర్రెపిల్లను పక్కలో వేసుకోకపోతే నిద్రపోయేవాడు కాదట. మధ్యాహ్నానికి ఈరోజు లేదని చెబితే లేచి వచ్చేవాళ్ళు. అలా లేచి వచ్చిన ఒక మధ్యాహ్నం లాడ్జికి ఫోను వచ్చింది. చరణ్ పోయాడు. దారి లేదు, శవం ఆగదు, అందుకని ఏరు పక్కన కాల్చేశామని కంట్రాక్టరు మనిషి చెప్పాడు.

బీరప్ప మంచం మీద కూర్చున్నాడు. "మేము కాల్సమప్పా" అన్నాడు. "మట్టిలో పెట్టుకుంటాము. పాలు పోస్తాము. ఇప్పుడు యాడ పోసేది?"



తిరిగొచ్చాక బీరప్ప మదనపల్లెలో బస్సు దిగి, నేరుగా ఆఫీసులోకి వచ్చి, మూటను తన చేత్తోనే అటక మీద పెట్టాడు. "తమ్ముడి పేరు మీద గడప దాటింది. మల్లా ఇంట్లోకి తీసకపోకూడదు. ఈడే ఉండనీ" అన్నాడు. రాగిపిండి పురుగు పట్టకుండా ఎవరికైనా పెట్టమన్నాడు.

ఆ తర్వాత భానుప్రకాశ్ దూరాలు మానుకున్నాడు. ముక్తినాథ్ అంటే ఇంకెవరినైనా అడగమనేవాడు. ఇంటర్నెట్టు అంగళ్ళు వచ్చి విమానం టికెట్లు వాళ్ళే తీసివ్వడం మొదలుపెడితే, అదీ మంచిదేననుకున్నాడు. మిగతా మూటలన్నీ పోయి అటక మీద ఆ కంబళి ఒక్కటే మిగిలింది. బొచ్చు వాసన గదంతా ఉండేది.

రెండేళ్ళకు బయ్యమ్మ ఒక్కతే వచ్చింది. బాగా చిక్కింది. మదనపల్లె ఆస్పత్రిలో కళ్ళు చూపించుకోవడానికి వచ్చానంది. అటక వైపు చూసింది కానీ దగ్గరికి పోలేదు.

"ఒకటి అడగతా, నిజం సెప్పప్పా. నేను బుదారం వద్దనకపొయ్యుంటే, ఆ మూట నీకాడికి వచ్చుండేది కాదు గదా. కాగితాలు మా ఆయన సేతిలోనే ఉండును. ఆ పొద్దే పొయ్యుంటే, మావోణ్ణి సూసుండునా?"

అది ఆమె తప్పు కాదు. మూట పెట్టమన్నది తాను, టికెట్టు అందులో పెట్టించింది తాను, ముందురోజు పోకుండా పెద్ద మొనగాడిలా కూర్చున్నదీ తానే. ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే హెలికాప్టరు ఎగిరిందని చెప్పాలి.

"లేదమ్మా" అన్నాడు. "ఆ వారం ఆడ ఏదీ ఎగరలేదు. పొయ్యున్నా సూసుండడు."

"మా ఆయన గూడా ఇదే మాట సెప్తాడప్పా" అంది బయ్యమ్మ. "ఒక అచ్చరం గూడా తేడా లేదు. ఇద్దురూ నేర్సుకుని సెప్పినట్లే ఉండాది."

భానుప్రకాశ్ బీరప్పకు చెప్పింది ఏదీ ఎగరలేదన్నంతవరకే, పొయ్యున్నా సూసుండడన్న మాట తాను అనలేదు. బీరప్పకు హిందీ రాకపోయినా, ఆ రోజు కౌంటరు ముందు తన మొహం చదవడం వచ్చిందన్నమాట.

ఆమె లేచి కొంగు సర్దుకుంది. "కుప్పం బస్సు ఎప్పుడుండాదప్పా?"

అతనికి తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తెలుసుకోలేదు. పక్క బంకులోంచి రెడ్డెప్పే చెప్పాడు, ఇప్పుడే పోయిందమ్మా, మళ్ళీ సాయంత్రానికే అని.