కరివేపాకు మొక్క మీది పురుగు

పురుగంటే కృపావతికి ఒళ్ళుమంట. పెళ్ళయి పెనుగంచిప్రోలు వచ్చిన దగ్గర్నుంచీ మిరపచేలల్లో పురుగుతోనే ఆమె పోరు. అలాంటి మనిషి పెరట్లో కరివేపాకు మొక్కని నమిలేస్తున్న పురుగుకి కాపలా కాయాల్సి వచ్చింది. వింటే నలుగురూ నవ్విపోరూ!

"దాని జోలికెళ్ళావంటే ఊరుకోను," అన్నాడు థామస్ మంచం మీంచి.

థామస్ ఆమె మొగుడు. చేలకి మందు కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. పురుగుమందు గాలి కూడా సోకనివ్వొద్దని నందిగామ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె సోకనిస్తుందా! ఆయన్ని చేలో అడుగు పెట్టనివ్వకుండా తనే మందు పైపు లాగే పనికి పోతోంది. సాయంత్రం రాగానే వంట చేసి, ఆయనకి తినిపించి, అప్పుడు చీర మార్చి ఉతికేది. ఆ నీళ్ళు కరివేపాకు మొదట్లో పోసేది. నీళ్ళు పారబోయడం వాళ్ళ ఇంటా వంటా లేదు.

థామస్‌కి ఆ పురుగే లోకమైపోయింది. మొదట్లో కాకిరెట్టలా ఉండేది, తర్వాత పచ్చగా బలిసింది, చివరికి కొమ్మకి నడుం కట్టేసుకుని గూడైపోయింది.

"ఇది ఎగిరిందంటే నేనూ లేచినట్టేనే," అన్నాడు దగ్గుతూ.

"నీ మొహం! ముందీ ముద్ద తిను," అంటూ నోట్లో పెట్టింది. పైకి కసిరిందే గానీ, ఆదివారం చర్చిలో ఆ పురుగు కోసం కూడా ప్రార్థన చేసింది. సిగ్గుపడుతూనే చేసింది.

గూడు పగిలిన పొద్దున ఇద్దరూ మొక్క దగ్గరే ఉన్నారు. సీతాకోకచిలుక బయటికొచ్చింది గానీ రెక్కలు విచ్చుకోలేదు. పిండిన గుడ్డల్లా ముడుచుకునే ఉన్నాయి. కాసేపు కాళ్ళు కొట్టుకుని కింద పడిపోయింది.

దాన్ని తీయబోయిన థామస్ వేళ్ళకి తడిమట్టి అంటింది. వాసన చూశాడు. జన్మంతా కొట్టిన మందు, పోల్చుకోలేడా!

"కృపా, ఇక్కడేం పోస్తన్నావే?"

"చీర ఉతికిన నీళ్ళేగా. ఏం..." అని ఆగిపోయింది.

ఆ చీరతోనే రోజూ ఆయన పక్కన కూర్చుంది. ఆ చేత్తోనే అన్నం కలిపింది. చేలో అడుగు పెట్టని మనిషికి దగ్గు ఎందుకు ముదురుతోందో ఇప్పుడు తెలిసింది.

థామస్ ఆ సీతాకోకచిలుకని అరచేతిలోకి తీసుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. ఎప్పటిలాగే వీపు నిమరబోయిన కృపావతి, చెయ్యి వెనక్కి లాక్కుంది.