బోడిగుండుకూ నా మోకాలికీ

బోడిగుండుకూ మోకాలికీ సంబంధం ఏమిటని లోకం అడుగుతుంది. నన్నడిగితే చెప్తాను. కలకత్తా క్లబ్బులో జీతానికి ఫుట్‌బాల్ ఆడుతున్న నన్ను మోకాలు ఇంటికి పంపింది. ఆ తర్వాత చిత్తూరు జట్టుకు హెడ్‌కోచ్‌గా దొరికిన కొలువును బోడిగుండు నిలువునా ముంచబోయింది. ఆ ఘోరం వినండి.

అవి డెబ్బైల చివరి రోజులు. హెడ్‌కోచ్ అంటే నా కింద ఇంకా ఎందరో కోచ్‌లున్నారనుకునేరు, ఉన్నది నేనొక్కణ్ణే. "కప్పు తెస్తే ఉండు, లేకుంటే లేదు" అని సెక్రటరీ ముందే చెప్పేశాడు. చిత్తూరులో మామిడికాయల మండీ నడిపే మా నాయన ఆ రెండో మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

"కాలు బాగుండినప్పుడు నువ్వు తన్నినావు, సరే. ఇప్పుడు ఎవురో తంతా ఉంటే సూసేదానికి గూడా జీతమా? మండీకి రాప్పా, కాయలు ఏరుదువు."

మండీ తప్పించుకోవడానికి కొండకు మొక్కుకున్నాను, ఫైనల్‌కు చేరితే జట్టంతా తలనీలాలు ఇస్తామని. చేరాం. అనంతపురంతో ఫైనల్ తిరుపతిలోనే పడింది. ఆట అయ్యాక కొండెక్కితే పోయేది కదా అంటారు మీరు. ఆ బుద్ధి అప్పుడుంటే ఈ కథెందుకు? మొక్కు బాకీ పెట్టుకుని మైదానంలో దిగకూడదని, ఆటనాడే మొదటి బస్సుకు అందర్నీ తిరుమలకు తీసుకుపోయాను. మా ఫార్వర్డ్ మునిరత్నానికి భుజాల దాకా జుట్టు. రాయలసీమలో ఆ జుట్టు తెలియని డిఫెండర్ లేడు.

"సార్, నేను ఆట అయినాక ఇస్తా" అని బతిమాలాడు.

"దేవుడితో బేరమా? కూర్చో."

మధ్యాహ్నానికి నాతో సహా అందరివీ గుండ్లే, గుండ్ల నిండా చందనం. బనియన్ల మీది నంబర్లు ఎప్పుడో ఉతుకుల్లో పోయాయి. ఆటగాళ్లను జుట్టును బట్టి గుర్తుపట్టే అలవాటు నాది. ఆ సంగతి ఆట మొదలయ్యాక గానీ నా బుర్రకెక్కలేదు.

గోల్స్ లేకుండానే ఆట చివరికొచ్చింది. మా బ్యాక్ రెడ్డెప్పకు కాలు బెణికిందన్నారు. దూరంగా వంగి మడమ పట్టుకున్న గుండొకటి కనబడింది. దాన్ని తీసేసి బయట కూర్చున్న చెంగల్రాయుణ్ణి దింపమని రిఫరీకి చూపించాను. గుండు నడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"నన్నెందుకు తీసినారు సార్?"

"కాలు బెణికింది గదా రెడ్డెప్పా."

"నేను మునిరత్నం సార్. లేసు కట్టుకుంటా ఉంటి."

"మరి రెడ్డెప్ప యాడ?"

"ఆడ. కార్నర్‌కని పోయినోడు ఎనక్కి రాలేక వాళ్ల గోలు కాడే నిలబడుకోనుండాడు."

నేనొక గుండును తలిస్తే దైవం ఇంకో గుండును తలచింది. బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి పోకూడదు. నాకు మండీలో మామిడికాయల వాసన తగిలింది.

అంతలో మాకు ఇంకో కార్నర్ దొరికింది. మేం ఎవరిని తీశామో అనంతపురం వాళ్లకు తెలియదు. మునిరత్నాన్ని తీసే కోచ్ భూమ్మీద ఉంటాడా? చురుగ్గా ఉరుకుతున్న చెంగల్రాయుడే మునిరత్నమనుకుని అందరూ అతని చుట్టూ దడి కట్టారు. రెడ్డెప్పను పట్టించుకున్న నాథుడు లేడు. కదల్లేక నిలబడినవాడి చందనం గుండుకు బంతి తగిలి తిన్నగా గోల్‌లో పడింది. నేను మోకాలి సంగతి మరచి ఎగిరాను. అంత సంతోషం కలకత్తాలో కూడా ఎరగను.

"ఏం ఎత్తు ఏసినావప్పా! మునిరత్నాన్నే తీసేసి వాళ్లను ఏమార్చినావే" అన్నాడు సెక్రటరీ. నేను గంభీరంగా తలూపాను. కప్పు ఇచ్చిన పెద్దాయన హెడ్‌కోచ్‌కని తెచ్చిన దండను రెడ్డెప్ప మెడలో వేశాడు. ఆయన తప్పేముంది?

సెక్రటరీ కాక, ఆ గుండ్లలో నన్ను సరిగ్గా గుర్తుపట్టింది ఆట చూడొచ్చిన మా నాయన ఒక్కడే. దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"సెడిన కాయ ఇడిసిపెట్టి మంచి కాయ తీసినావు గదా?"

"అవును నాయనా."

"ఎవురికీ సెప్పబాక. ఇంక మండీకి రావద్దులే. నువ్వు ఏరితే మనం మునిగిపోతాం."

ఆ తర్వాత చాలా జట్లకు కోచ్‌నయ్యాను, చాలా కప్పులు ఎత్తాను. అయినా ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆఖరి ఈల మోగకముందు నా జట్టులో ఎవరి తలమీదా వెంట్రుక తెగదు. ఈ ప్రమాణం నా నెత్తికి మాత్రం వర్తించదు. అక్కడివి స్వామి తనే వచ్చి తీసుకుపోయాడు.